రోకలికి కట్టిన కప్ప

మా మోటారు గదిలో గోడకున్న స్టార్టర్ పెట్టె మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. దేవుడి పటం ముందు చెయ్యొచ్చు కదా అంటారేమో. దేవుడికి నా సంగతి తెలుసు, నా అబద్ధాలకు ఆయన ఎప్పుడో అలవాటు పడిపోయాడు. స్టార్టర్ పెట్టె అట్లా కాదు. దానికి జాలి లేదు, వాయిదా లేదు. వేలు తప్పు చోట పెడితే తీర్పు అక్కడికక్కడే. అందుకే మా చుట్టుపక్కల రైతులు నోట్లో అబద్ధం పెట్టుకుని దాన్ని ముట్టుకోరు.

ప్రమాణం దాకా ఎందుకు వెళ్ళానంటే, మా ఊళ్ళో నా మాటకు తరుగు తియ్యడం ఒక అలవాటు. మండీలో చీనీకాయలకు తీసినట్టే, నేను ఏం చెప్పినా అందులో సగం పక్కన పడేసి మిగిలింది వింటారు. తప్పు వాళ్ళది కాదు. కొండ మీద గాలిమరలు పెట్టిన కొత్తలో, అవి మేఘాలను విసిరి విసిరి కర్ణాటకలోకి తోసేస్తున్నాయని టీ కొట్టు దగ్గర ఊరికే అన్నాను. కొన్నాళ్ళకు గోరంట్ల బస్సులో పక్క సీటాయన అదే మాట నాకు చెప్పాడు. ఎవరో పెద్ద ఇంజనీరు లెక్కగట్టి చెప్పాడట. నేను నోరు తెరుచుకుని విన్నాను. బస్సు దిగేటప్పటికి కొంచెం నమ్మాను కూడా. నా అబద్ధాలతో వచ్చిన చిక్కే అది. పోయినవి పోయినట్టు ఉండవు. ఎక్కడో మేసి, బలిసి, తిరిగి నా గడపలోకే వస్తాయి.

కప్ప సంగతి అట్లాంటిది కాదు.

గోరంట్లకూ కొత్తచెరువుకూ మధ్య ఎర్రనేలలో మాకొక చీనీ తోట, కొందరు బత్తాయి అంటారే అదే, ఉండేది. నాయన బతికినన్నాళ్ళూ అది శెనక్కాయ చేను. నేను చీనీ పెట్టాను. చెట్లు నిలబడి, నీడ ఇచ్చి, కాపుకు రావడానికి నా జుట్టు నెరవడానికి పట్టినంత కాలం పట్టింది. ఆ తోటకు ప్రాణం ఒకే ఒక్క బోరు. బోరుకు కొంచెం అవతల తాతల నాటి రాతి బావి. దిగడానికని దాని గోడలోంచి రాళ్ళు పొడుచుకొచ్చి ఉంటాయి. నాకు తెలివి వచ్చాక అందులో నీళ్ళు చూసిన గుర్తు లేదు. అడుగున తుమ్మకంపా, పావురాల రెట్టా, ఎప్పుడో జారిపడిన గిలకా. అంతే.

బోరు కూడా ముసలిదైపోయింది. పగటిపూట కరెంటు వచ్చాక కొంతసేపు బాగానే పోస్తుంది. తర్వాత పైపు నోట్లో నీళ్ళు తెగి తెగి, లోపల ఎవరో దగ్గుతున్నట్టు గాలి వస్తుంది. బోరు గ్యాప్ ఇస్తోంది అంటాం మేము. ఆ దగ్గు వినగానే మోటారు ఆపెయ్యాలి. అడుగున నీళ్ళు ఊరేదాకా ఆగి, మళ్ళీ వెయ్యాలి. ఆపకపోతే నీళ్ళు లేని చీకట్లో మోటారు వట్టిగా తిరిగి కాలిపోతుంది. నిజానికి నీళ్ళు తగ్గగానే దానంతటదే ఆపేసే పరికరం ఒకటి ఉండేది. అది మాటిమాటికీ ఆపేస్తోందని నేనే దాని వైర్లు పీకి పక్కన పెట్టాను. నా చెవి ఉండగా పరికరం ఎందుకని. మా వైపు తోటల్లో చాలామంది చేసేది అదే. కాబట్టి వేసవి మొత్తం నా పని మోటారు గది నీడలో గోనెపట్టా మీద కూర్చుని చెవి పెట్టుకుని ఉండడం. దగ్గు వినడం, ఆపడం, ఎదురుచూడడం, వెయ్యడం.

ఎదురుచూడడం ఉందే, అది మనిషిని తినేస్తుంది.

పక్క తోట మా బావది. వరసకు బావే గానీ మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి ఎకసెక్కాలే. ఒకరోజు వచ్చాడు, చేతిలో అద్దం పగిలిన ఫోను. ఏమైందంటే బండకేసి కొట్టానన్నాడు. ఎందుకు కొట్టావంటే కప్ప అన్నాడు. అందులో ఒక ఆట ఉందనీ, దాంతో తాను పిచ్చోడైపోయాననీ, ఇక ఆడననీ చెప్పి, అదే ఆటను నా ఫోనులోకి పంపాడు.

"నువ్వు ఆడనని ఒట్టు పెట్టుకున్నది నాకెందుకు బావా?"

"నేనొగడే సావాల్నా? ఆడు. పొద్దు యాడ గూకిందో నీకు తెలిస్తే నన్నడుగు."

చూడ్డానికి పసిపిల్లల ఆట. ఒక రాతి బావి, అడుగున ఆకుపచ్చటి కప్ప. గోడల్లోంచి అటొకటీ ఇటొకటీ రాళ్ళు పొడుచుకొచ్చి ఉంటాయి. తెర మీద బొటనవేలు నొక్కి పట్టుకుంటే కప్ప ఒళ్ళు ముడుచుకుంటుంది. వదిలితే ఎగురుతుంది. ఎంతసేపు పట్టుకుంటే అంత ఎత్తు. ఆ బావిలోంచి దాన్ని పైకి తేవాలి. అంతే ఆట. కానీ వెంట్రుకవాసి తక్కువ పట్టుకున్నా రాయి అందదు. ఎక్కువైతే పైరాయికి తల తగులుతుంది. కొన్ని రాళ్ళ మీద పాచి, కాలు పెట్టేలోపే జారుస్తాయి. కొన్ని గోడలోకి వెనక్కి పోతాయి. పడితే కిందిరాయి మీద ఆగి ఊపిరి తీసుకోవడం లాంటి దయ ఏమీ లేదు. ఎంత ఎత్తు నుంచి అయినా తిన్నగా అడుక్కే. 'టప్' అని చిన్న శబ్దం. కప్ప వెల్లకిలా పడి తెల్లటి పొట్ట చూపిస్తుంది. దాని కింద ఇంగ్లీషులో ఒక మాట వెలుగుతుంది, మళ్ళీ ఆడతావా అని. నొక్కితే అదే చోట ఇంకో కప్ప. అవే కళ్ళు. ఇందాక చచ్చింది ఎటు పోయిందో ఆట చెప్పదు.

బావి పైన మాత్రం గుండ్రంగా నీలం రంగు కనిపిస్తూ ఉంటుంది. ఆకాశం. రూపాయి బిళ్ళంత. అది కనిపించకపోయి ఉంటే నేను బాగుపడేవాణ్ణి.

మొదట్లో బోరు ఊరేటప్పుడు మాత్రమే ఆడేవాణ్ణి. తర్వాత బోరు పోసేటప్పుడు కూడా. కన్ను కప్పకూ చెవి పైపుకూ పంచాను. కప్పను ఎన్ని తిట్టానో చెప్పలేను. దాని తాతముత్తాతల్ని కూడా వదల్లేదు. కోపం పట్టలేక ఫోను చెట్టు పాదులోకి విసిరేవాణ్ణి. బురదగా ఉన్న పాదు చూసుకునే విసిరేవాణ్ణి. మళ్ళీ నేనే పోయి, పసిబిడ్డకు తుడిచినట్టు తుడుచుకుని తెచ్చుకునేవాణ్ణి. ఆటను తీసేశాను కూడా. తీసేసిన రోజే కట్ట దాటి బావ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన నవ్వి, మళ్ళీ పంపాడు.

బొటనవేలి కొస తోలు గట్టిపడిపోయింది. సంగటి తినేటప్పుడు ఆ వేలు నా మాట వినకుండా ముద్దను నొక్కి పట్టి, వదిలేది. ముద్దలో గుంట పడేది. నన్ను కట్టుకున్న మా ఆడమనిషి చూసి చూసి ఒకరోజు అంది.

"ఏమయ్యా, సంగటి ఎగరదు. తిను."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

అప్పటికే ఒకసారి పైపు దగ్గు నాకు వినపడలేదు. తోట అవతలి సాలులో గడ్డి కోస్తున్న ఆమెకు వినపడింది. పరిగెత్తుకుంటూ వచ్చి తానే మోటారు ఆపింది. తిట్టలేదు. ఒక చెయ్యి స్టార్టర్ పెట్టె మీద పెట్టి, రెండో చెయ్యి నా నుదుటి మీద పెట్టింది. రెండింట్లో ఏది ఎక్కువ కాలుతోందో చూస్తున్నట్టు. తర్వాత చెయ్యి తీసేసి గడ్డికోతకు పోయింది. ఆ తీసెయ్యడం నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. అయినా ఆమె మలుపు తిరగ్గానే నా వేలు తెర మీదికి పోయింది.

ఆ ఏడు ఎండలు మామూలువి కావు. చీనీ ఆకులు మధ్యాహ్నానికి దోనెల్లా ముడుచుకుని సాయంత్రానికి విచ్చుకోవడం ఏటా ఉండేదే. ఆ ఏడు పొద్దున కూడా ముడుచుకునే ఉన్నాయి. కొండవైపు సాళ్ళలో కాయలు నిమ్మకాయంత కూడా కాకముందే రాలడం మొదలైంది. గాలి లేదు, పిట్ట లేదు. ఊరికే కూర్చుంటే ఎక్కడో ఒకటి 'టప్' మంటుంది. నేను ఫోనులోకి చూస్తాను, కప్ప రాతి మీదే ఉంటుంది. తల ఎత్తి చూస్తాను, కాయ కింద ఉంటుంది. కాయ రాలిన శబ్దమూ కప్ప పడిన శబ్దమూ ఒకటే. కొన్ని రోజులకు ఏది ఏదో చూడకుండా చెప్పలేకపోయాను. చూడడం కూడా మానేశాను.

ఆ తోట ఎండిపోతే మళ్ళీ పెట్టి పెంచేంత ఆయుష్షు మా ఇద్దరికీ లేదు. ఈ మాట మేము ఒకరితో ఒకరం అనుకోలేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు బిందెలో పట్టి ఆమె చెట్ల దగ్గరికి మోసుకుపోతుంటే, ఆ నడకలో ఉండేది ఆ మాట.

అప్పుడే ఊళ్ళో ఆడవాళ్ళు కప్పతల్లి తియ్యాలనుకున్నారు. వాన ముఖం చాటేసిన ఏడు మా ఊళ్ళో చేసేదే అది. బతికున్న కప్పను పట్టి, రోకలి మధ్యలో వేపమండలతో కలిపి కడతారు. రోకలికి అటొకరు ఇటొకరు భుజం పెట్టి, పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇల్లాలూ బిందెడు నీళ్ళు తెచ్చి దాని మీద పోస్తుంది. కప్ప తడిసి అరిస్తే మబ్బుకు వినపడుతుందని. ముందు నడిచేది ఎప్పుడూ మా పెద్దమ్మే, మా అమ్మకు అక్క. చూపు మందగించింది గానీ గొంతు మందగించలేదు.

ఈసారి కప్ప దొరకలేదు. చెరువు గుంతలో వెతికారు, మట్టి నెర్రెలు. వీధి కొళాయిల కింద వెతికారు. పశువుల తొట్ల కింద రాళ్ళు ఎత్తి చూశారు, తేళ్ళు తప్ప ఏమీ లేవు. తడి ఉన్న చోటు ఇంకా మా తోటే కదా అని, పెద్దమ్మ ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, గంప పట్టుకుని మోటారు గదికి వచ్చింది. పైపు కింద, పాదుల్లో, డ్రిప్ గొట్టాల వెంట వాళ్ళు వంగి వంగి వెతుకుతుంటే నేను తల ఎత్తకుండా ఆడుకుంటున్నాను. ఆమె వచ్చి నా ముందు నిలబడింది. నాకు వేళాకోళం తోచింది.

"కప్ప నా దగ్గర ఉండాది పెద్దమ్మా" అని ఫోను చూపించాను.

ఆమె నా పక్కన గోనెపట్టా మీద కూర్చుని, ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది. చూసేవాళ్ళు ఉంటే నా వేలికి బలం వస్తుంది. పాచిరాళ్ళు దాటించాను, వెనక్కి పోయే రాళ్ళు దాటించాను. రూపాయి బిళ్ళ గారెంత అయింది. అక్కడ జారింది. 'టప్'. తెల్ల పొట్ట.

"సచ్చిపోయినాదా?"

"సచ్చిపోయినాది. ఇంగొకటి వస్తాది చూడు."

"ఇట్ల ఎన్నిటిని సంపినావురా అబ్బీ?"

ఆడవాళ్ళు నవ్వుతారని అన్నాను. నా నోటికి అలవాటైన గొప్ప అది.

"లెక్క యాడిది పెద్దమ్మా. దినామూ ఒగ శెనక్కాయ మూటంత."

ఎవరూ నవ్వలేదు. అన్నాక నాకే తట్టింది, ఆ మాటలో తరుగు తియ్యడానికి ఏమీ లేదని. ఎప్పటి నుంచి అని అడిగింది పెద్దమ్మ. ఉగాది నుంచి అన్నాను.

"ఉగాది కాడ్నుంచే కప్పలు అరిసేది నిలిసిపోయినాది" అంది.

నింద వేస్తున్నట్టు అనలేదు. బస్సు ఎప్పుడు పోయిందో చెప్పినట్టు చెప్పింది. ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. వెంట వచ్చిన ఇద్దరూ నా నీడ తొక్కకుండా చుట్టూ తిరిగి పోయారు.

జీవితంలో మొదటిసారి నా మాటను ఊరు ఊరంతా సగం తియ్యకుండా నమ్మింది. అది ఎంత భయంగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ వారంలోనే బావ బోరు పూర్తిగా నిలిచిపోయింది. ఆయన కట్ట మీద నిలబడి, ఆట నేను ఊరికే ఇచ్చాను, ఆడింది నువ్వు అన్నాడు. ఆ మాటలో ఎకసెక్కం లేదు. మా తోట పక్క దారిలో పోయేవాళ్ళు దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆపేసేవాళ్ళు. ఒక పొద్దున మోటారు గది గొళ్ళానికి పసుపు పూసిన వేపమండ కట్టి ఉంది. ఎవరు కట్టారో తెలియదు. తీసి పారేద్దామని చెయ్యి చాపాను. చాపిన చెయ్యి అట్లాగే వెనక్కి వచ్చింది.

ఇంత జరుగుతుంటే ఆట మానేశావా అని మీరు అడగాలి. మానలేదు. వేపమండ కిందే కూర్చుని ఆడాను. ఒక్క కప్పను పైకి తెస్తే అన్నీ సరిపోతాయనిపించేది. ఆడేవాడికి ప్రతిసారీ అట్లాగే అనిపిస్తుందని తెలిసి కూడా.

పెద్దమ్మ కూడా అదే మాట అంది. మా ఇంటికి వచ్చి, మా ఆడమనిషి ముందే, తాను ఆలోచించి తేల్చింది చెప్పింది. చచ్చిన కప్పల సంగతి ఆ పైవాడికీ నీకూ మధ్య లెక్క. కానీ ఆ బావిలో ఇంకా ఒకటి మిగిలే ఉంది కదా. దాన్ని ప్రాణంతో గట్టుకు చేర్చు. చేర్చాక దాన్నే రోకలికి కడతాం.

అది బొమ్మ పెద్దమ్మా, అన్నాను.

"కప్ప దొరకని ఏడు మట్టితో జేసి కట్టినాము. మట్టి బొమ్మ పనికొచ్చినప్పుడు నీ అద్దం బొమ్మ పనికిరాదా?"

అట్లయితే మట్టితోనే చెయ్యొచ్చు కదా అని మా ఆడమనిషి అడిగింది.

"మట్టి కప్ప సచ్చిందీ కాదు, బతికిందీ కాదు. ఈడ సచ్చినవి ఉండాయి తల్లీ. బతికింది ఒగటన్నా సూపియ్యకపోతే మబ్బు ఏ మొగం పెట్టుకొని వస్తాది?"

సరేనని తల ఊపాను. పెద్దమ్మ వెళ్ళాక మా ఆడమనిషి ఆ ఆట గురించి మొదటిసారి నన్నొక మాట అడిగింది. వస్తుందా, అని. వస్తుందన్నాను. ఉగాది నుంచి ఒక్కసారి కూడా రాలేదని ఆమెకు చెప్పలేదు.

అనుకున్న రోజు పొద్దున ఆడవాళ్ళు రోకలీ వేపమండలూ పట్టుకుని మోటారు గది దగ్గర చేరారు. కరెంటు కూడా అప్పుడే వచ్చింది. ఆ రోజు అని చెట్లకు నీళ్ళు మానలేం కదా, మోటారు వేశాను. పైపు దగ్గర తాను నిలబడతాననీ, గ్యాప్ ఇస్తే తానే ఆపుతాననీ మా ఆడమనిషి అంది. నేను గోనెపట్టా మీద కూర్చున్నాను. పెద్దమ్మ నా ఎదురుగా. మిగతావాళ్ళు చుట్టూ.

మొదట కొన్ని పడ్డాయి. 'టప్' అన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఊపిరి లోపలికి లాగిన శబ్దం వినపడేది. తర్వాత ఒకటి ఎక్కడం మొదలుపెట్టింది. వేలికి అప్పుడప్పుడు తెలుస్తుంది, ఇది వేరే కప్ప అని. పాచిరాళ్ళు దాటింది. వెనక్కిపోయే రాళ్ళు దాటింది. నేను ఎప్పుడూ చచ్చే రాయి దాటింది. ఆ పైన నేను ఎన్నడూ చూడని రాళ్ళు, పొడిగా, తెల్లగా, మా పాత బావి రాళ్ళలా. నీలం బిళ్ళ తట్టంత అయింది, గంపంత అయింది.

అప్పుడు పైపు దగ్గింది.

నాకు వినపడింది. ప్రమాణం చేశాను కాబట్టి చెబుతున్నాను, స్పష్టంగా వినపడింది. అరిస్తే వేలు కదులుతుంది. వేలు కదిలితే కప్ప పోతుంది. ఆపుతుందిలే అనుకున్నాను. కానీ మా ఆడమనిషి పైపు దగ్గర లేదు. ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి తెరలోకి చూస్తోంది. పైపు మళ్ళీ దగ్గింది. మళ్ళీ. నీళ్ళు తెగిపోయి గాలి ఒక్కటే వస్తోంది. స్విచ్చు ఆమెకు రెండడుగుల దూరంలో ఉంది. ఆమె కదల్లేదు. ఎవరూ కదల్లేదు. అంతమంది ఆడవాళ్ళ కళ్ళు ఆ చిన్న కప్ప మీదే ఉన్నాయి. నేను నొక్కి పట్టుకున్నాను, పట్టుకున్నాను, వదిలాను.

కప్ప లేచింది. దాని నీడ నీలం మీదుగా పోయింది. గట్టు మీద దిగింది.

"వచ్చినాది" అన్నాను. ఫోను పైకెత్తాను.

అప్పుడు వాసన వచ్చింది. స్టార్టర్ పెట్టెలోంచి, కాలిన రబ్బరు వాసన. పెట్టె పెద్దగా మూలిగింది, బోరు అడుగున మోటారు ఆగిపోయింది. తోట అంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ఆకుల మీద ఎండ పడుతున్న శబ్దం వినపడేటట్టుంది. ఆ నిశ్శబ్దంలో తాతల నాటి ఎండిన బావిలోంచి ఒక కప్ప అరిచింది. ఒక్కసారే.

అందరూ విన్నారు. పెద్దమ్మ అటు తిరిగి చేతులు జోడించింది.

ఫోనును వేపమండలతో కలిపి రోకలికి కట్టింది మా ఆడమనిషే. ప్లాస్టిక్ కవరు చుడదామన్నాను. తడవని కప్ప అరుస్తుందా అంది పెద్దమ్మ. మగవాళ్ళు వెంట పోయే ఆనవాయితీ లేదు గానీ నేను వాళ్ళ వెనకే నడిచాను. ట్యాంకరు దగ్గర కొట్లాడి పట్టుకున్న నీళ్ళు, బిందె వంచి వంచి వాడుకునే నీళ్ళు, ప్రతి ఇల్లాలూ బిందె నిండా తెచ్చి దాని మీద పోసింది. కొన్ని ఇళ్ళు తిరగకముందే ఆకుల మధ్య వెలుగు మినుకుమినుకుమని ఆరిపోయింది. పాట ఆగలేదు. కింద పడిన నీళ్ళను నేల చప్పరించేసింది, తడి కూడా మిగల్లేదు.

ఆ సాయంత్రం కొత్తచెరువు వైపు నుంచి మబ్బు లేచింది. నల్లగా కమ్ముకుంటూ మా కొండ దాకా వచ్చింది. దుమ్ములో గుంటలు పడేటట్టు నాలుగు చినుకులు రాల్చింది. అక్కడ నిలబడి మా ఊరిని చూసినట్టు చూసి, పక్కకు తిరిగింది. కొండకు అవతల కుంటలు నిండాయని తర్వాత విన్నాం.

కొత్త మోటారు దించలేదు. దించినా తోడడానికి అడుగున ఏమీ లేదని దగ్గు చెప్పేసింది. కొండవైపు నుంచి చెట్లు కొట్టుకుంటూ వచ్చాం. గొడ్డలి పడ్డప్పుడల్లా పాత బావి ఆ శబ్దాన్ని మళ్ళీ ఒకసారి అనేది. బావి పక్క సాలు ఒక్కటి ట్యాంకరు నీళ్ళతో నిలుపుకున్నాం. అవి ఇప్పటికీ ఉన్నాయి. కాయలు తోలు మందం, రసం తక్కువ. బావ బెంగళూరు వైపు పనికి పోయాడు. పోయేముందు కట్ట మీద నిలబడి, కప్ప నిజంగా గట్టెక్కిందా అని అడిగాడు. ఎక్కిందన్నాను.

ఇక, ఇప్పటిదాకా చెప్పినదాంట్లో నేను కల్పించిన భాగం.

మీరు తరుగు ఎక్కడ తీస్తారో నాకు తెలుసు. ఎండిన బావిలో కప్ప అరవడం దగ్గర. అది తియ్యొద్దు. అది నిజం. కల్పించింది దాని ముందుది. కప్ప గట్టెక్కలేదు. రెండో దగ్గుకు నా వేలు అదిరింది. ఆఖరి రాయి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. 'టప్' మన్న శబ్దం పైపు దగ్గులో కలిసిపోయింది. తెల్ల పొట్ట మీద బొటనవేలు పెట్టి కప్పేసి, వచ్చినాది అన్నాను. పెద్దమ్మకు అంత దూరం చూపు ఆనదు. మిగతావాళ్ళు నేను చెప్పింది చూశారు. నా వెనక నిలబడ్డ మనిషి మాత్రం ఉన్నది చూసింది. రోకలికి కట్టేటప్పుడు తెర కర్రవైపు తిప్పి కట్టింది. ముడి బిగిస్తూ, నాకొక్కడికే వినపడేటట్టు అంది.

"అదే మాట మీద ఉండు."

ఉన్నాను, ఇవాళ్టి దాకా. స్టార్టర్ పెట్టె మీద ప్రమాణం చేసి కూడా ఎట్లా అబద్ధమాడావంటారా. ఆ పెట్టెకు వైర్లు ఊడదీసి చాలా కాలమైంది. అందులో కరెంటు లేదు.

బావిలో కప్ప ఇంకా అరుస్తుంది. మధ్యాహ్నం మేమిద్దరం సంగటి ముందు కూర్చున్నప్పుడు. మొదట్లో అడుగు నుంచి వచ్చేది. ఈ మధ్య కొంచెం పై నుంచి వస్తోంది. ఆమె తల ఎత్తదు, నేనూ ఎత్తను. ముద్ద మీద నా బొటనవేలు నొక్కి పట్టుకుని అట్లాగే ఆగిపోతుంది. వదలడానికి ధైర్యం చాలక.